ముగ్గురాయి మిల్లు పుస్తకాల్లో 2008: మాంద్యం ఏ దారిన వచ్చింది, ఎలా దాటాం

2008 సెప్టెంబరు రెండో వారంలో అమెరికాలో 2,031 రిగ్గులు చమురు కోసం, గ్యాసు కోసం నేలను తొలుస్తున్నాయి. 2009 జూన్ రెండో వారానికి అవి 876కి దిగిపోయాయి. ఆ ఏడాది మంగంపేట ముగ్గురాయి మిల్లుల్లో ఏం జరిగిందో తెలియాలంటే ముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకోవాలి. ఆ తొమ్మిది నెలలూ ఒక పల్వరైజింగ్ (రాయిని పొడి కొట్టే) మిల్లు లెక్కలు, ఎగుమతి కాగితాలు, బ్యాంకు వ్యవహారం నా చేతి మీదుగా నడిచాయి. ఏ పని ఏ వరుసలో చేశాం, ఎక్కడ దెబ్బ తిన్నాం, ఎందుకు తిన్నాం అన్నది రాస్తున్నాను. చిన్న ఎగుమతి యూనిట్లు నడిపేవాళ్లకు ఇందులో సగమైనా పనికొస్తుంది.

ముగ్గురాయి అంటే బెరైటీస్. అప్పటి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో దాదాపు 7.4 కోట్ల టన్నులుందని అంచనా. ఒకే చోట ఇంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ తవ్వి గ్రేడులవారీగా అమ్ముతుంది, చుట్టుపక్కల మిల్లులు దాన్ని పొడి కొట్టి ఎగుమతి చేస్తాయి. బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు, చమురు పైకి తన్నకుండా ఆపేది రంధ్రంలో నింపిన బురద బరువు. ఆ బరువు ముగ్గుపొడి ఇస్తుంది. నీటికి నాలుగు రెట్లు పైగా బరువు, దేనితోనూ రసాయనికంగా కలవదు, మెత్తటి రాయి కాబట్టి పైపులను అరగదీయదు. రిగ్గు తిరిగితే మా మిల్లు తిరుగుతుంది. ముగ్గురాయి వాడకంలో సింహభాగం ఈ ఒక్క పనికే.

అమెరికా ఇళ్ల అప్పులకూ దీనికీ లింకు ఏమిటని మిల్లులో పనిచేసేవాళ్లు అడిగేవాళ్లు. వాళ్లకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. 2003 జూన్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ 1 శాతానికి దించింది. చౌక అప్పు దొరికేసరికి తిరిగి కట్టే స్తోమత చూడకుండా ఇళ్లకు అప్పులిచ్చారు. మొదటి రెండేళ్లు తక్కువ కంతు, తర్వాత పెరిగే కంతు. ఇచ్చిన బ్యాంకు ఆ అప్పును తన దగ్గర ఉంచుకోలేదు. వేలాది అప్పులను మూటగట్టి, ముక్కలు చేసి, పై ముక్కకు అత్యుత్తమ రేటింగు వేయించి ప్రపంచమంతా అమ్మింది. అప్పు వసూలు కాకపోతే తనకేం నష్టం లేదనుకున్నవాడు అప్పు ఇచ్చేటప్పుడు ఎందుకు జాగ్రత్తపడతాడు? అసలు కారణం అదేనని నా నమ్మకం. 2004 జూన్ నుంచి 2006 జూన్ లోపు వడ్డీ 5.25 శాతానికి ఎక్కింది. కంతులు పెరిగాయి, ఇళ్ల ధరలు పడ్డాయి, ఇల్లు అమ్మినా అప్పు తీరని స్థితి వచ్చింది. 2007 ఆగస్టు 9న ఫ్రాన్సు బ్యాంకు బీఎన్‌పీ పారిబా తన మూడు ఫండ్లలో సొమ్ము వాపసు ఆపేసింది, ఆ ముక్కలకు ధర కట్టడం కుదరడం లేదని.

ఇదంతా మాకు పేపర్లో వార్త మాత్రమే. 2008 జూలైలో చమురు పీపా 147 డాలర్లు తాకింది. మా ఆర్డర్లు నిండుగా ఉన్నాయి. ముడిరాయికి పోటీ, లారీకి పోటీ. ఆ పోటీలోనే మేం మొదటి తప్పు చేశాం: నాలుగు నెలలకు సరిపడా రాయి కొని యార్డులో పోశాం.

సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మర్నాడు దాని అప్పు కాగితాలు 78.5 కోట్ల డాలర్లకు కొని పెట్టుకున్న రిజర్వ్ ప్రైమరీ ఫండ్‌లో ఎప్పుడూ ఒక్క డాలర్ దగ్గరే ఉండాల్సిన యూనిట్ విలువ దాని కిందికి పడింది. మాలాంటివాళ్లకు లేమన్ కంటే ఈ రెండోదే ముఖ్యం. అలాంటి ఫండ్లు కంపెనీలకు వారాలు, నెలల గడువుతో రోజువారీ పెట్టుబడి ఇస్తాయి. అవి చేతులు ముడుచుకునేసరికి బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకోవడం మానేశాయి. కొనేవాడి బ్యాంకును మన బ్యాంకు నమ్మదు, మన బ్యాంకుకు డాలర్లు పుట్టవు. డిసెంబరుకు చమురు 30ల్లోకి జారింది. ధర పడిన మూడు నాలుగు నెలలకు రిగ్గులు తగ్గుతాయి. ఒప్పందం కుదిరిన బావిని మధ్యలో ఆపరు కాబట్టి ఆ ఆలస్యం. నవంబరులో మిల్లు ఇంకా తిరుగుతోందని మేం ధైర్యంగా ఉండటానికి కారణం అదే. ఆ ధైర్యం తప్పు.

రిగ్గులు సగానికి పైగా తగ్గాయి సరే, మా ఆర్డర్లు కొన్ని నెలలు సున్నాకి ఎందుకు పోయాయి? ఈ లెక్క అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. కొనేవాడు నెలకు 1,000 టన్నులు వాడుతూ, మూడు నెలల నిల్వ, అంటే 3,000 టన్నులు గోదాములో పెట్టుకుంటాడనుకోండి. వాడకం 40 శాతం తగ్గి 600 అయింది. ఇప్పుడు మూడు నెలలకు 1,800 టన్నులు చాలు. చేతిలో 1,200 మిగులు. అది రెండు నెలల వాడకం. కాబట్టి రెండు నెలలు అతను మన దగ్గర ఒక్క సంచి కూడా కొనడు. రేవులో ఒకరి నిల్వ, గల్ఫ్‌లో డీలరు నిల్వ, బావి దగ్గర నిల్వ, ఇలా అంచె పెరిగిన కొద్దీ ఆ సున్నా నెలలు పెరుగుతాయి. ఇది తెలిసి ఉంటే కొనేవాణ్ని మొదట అడగాల్సిన ప్రశ్న వేరే: "ఆర్డరు ఎప్పుడిస్తారు?" అని కాకుండా "మీ గోదాములో ఎన్ని టన్నులుంది, నెలకు ఎంత పోతోంది?" అని అడిగేవాళ్లం. తర్వాత అలాగే అడిగాం. చాలామంది నిజమే చెప్పారు.

ఇక ఎల్సీల సంగతి. ఎల్సీ అంటే సరైన కాగితాలు చూపితే డబ్బు ఇస్తానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. సరుకు ఓడెక్కి, ధర పడితే, కొన్నవాడికి వెనక్కి తగ్గడానికి సాకు కావాలి. ఆ సాకు కాగితాల్లో దొరుకుతుంది. 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఎల్సీల అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. ఓడెక్కిన 21 రోజుల్లోపు కాగితాలు చూపాలి, ఎల్సీ గడువు కూడా దాటకూడదు. బ్యాంకుకు పరిశీలించడానికి ఐదు పనిదినాలు. బల్క్ సరుకు అయితే తూకంలో 5 శాతం అటూఇటూ చెల్లుతుంది, డ్రా చేసే మొత్తం ఎల్సీ సొమ్మును దాటనంతవరకు. కానీ ఎల్సీలో సరుకును సంచుల సంఖ్యతో చెబితే ఆ వెసులుబాటు పోతుంది. జంబో సంచుల్లో పంపే మాకు ఇది తగిలింది. అప్పటినుంచి ఎల్సీ డ్రాఫ్టులోనే టన్నుల్లో రాయించి, ముందు "సుమారు" అనే మాట పెట్టించుకున్నాం. దానికి 10 శాతం వెసులుబాటు. ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్‌లో కూడా ఎల్సీలో ఉన్న అంకె ఉన్నట్టే ఉండాలి. అక్కడ సాంద్రత 4.20 అని ఉంటే ఇక్కడ 4.2 అని రాయించకండి. మంచి రోజుల్లో ఎవరూ పట్టించుకోరు, చెడ్డ రోజుల్లో ఆ సున్నా కోసమే కాగితాలు వెనక్కి వస్తాయి.

సాంద్రత విషయంలో ఇంకో పొరపాటు చాలా మిల్లుల్లో చూశాను. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణం ప్రకారం అప్పట్లో కనీసం 4.20 ఉండాలి. 75 మైక్రాన్ల పైన మిగిలేది 3 శాతం మించకూడదు, 6 మైక్రాన్ల కంటే సన్నం 30 శాతం దాటకూడదు, నీళ్లలో కరిగే సున్నపు లవణాలు కాల్షియం లెక్కన కిలోకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మేలు రకం రాయినీ తక్కువ రకం రాయినీ కలిపి 4.20 తెప్పించడం మామూలే. 4.28 రాయి ఒక టన్ను, 4.12 రాయి ఒక టన్ను కలిపితే సగటు 4.20 వస్తుందనుకుంటారు. రాదు. తూకం లెక్కన కలిపినప్పుడు కూడాల్సింది ఘనపరిమాణాలను. ఒక్కో టన్ను ఎంత జాగా ఆక్రమిస్తుందో చూసి కూడితే 4.198 వస్తుంది. ఫ్లాస్క్‌లో కిరోసిన్ పోసి కొలిచే పరీక్షలో ఆ తేడా తేలుతుంది, లాట్ తిరస్కరిస్తారు. గిరాకీ ఉన్నప్పుడు 4.198ని చూసీచూడనట్టు వదిలేసిన కొనుగోలుదారే మాంద్యంలో పట్టుకుంటాడు. అందుకే మేం 4.22 లక్ష్యంగా కలపడం మొదలుపెట్టాం. మేలు రకం రాయి కాస్త ఎక్కువ ఖర్చయింది, ఒక్క లాట్ కూడా వెనక్కి రాలేదు. 2010లో ఏపీఐ 4.10 రకాన్ని కూడా ఒప్పుకున్నాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

రూపాయి గురించి బయట అందరూ పొరబడ్డారు. 2008 జనవరిలో డాలర్ 39 రూపాయల చిల్లర. ఏడాది ముగిసేలోపు 50 దాటి చూసింది. ఎగుమతిదారులకు పండగేనన్నారు. నిజానికి ఏడాది మొదటి సగంలో రూపాయి ఇంకా బలపడుతుందేమోనని భయపడి చాలామంది ఫార్వర్డ్ కాంట్రాక్టులు చేసుకున్నారు, అంటే ఫలానా నెలలో ఇన్ని డాలర్లు ఈ ధరకు బ్యాంకుకు ఇస్తామని ముందే రాసివ్వడం. లక్ష డాలర్లు 42.50 చొప్పున డిసెంబరుకు రాసిచ్చి, ఆ ఆర్డరు రద్దయిందనుకోండి. మన దగ్గర డాలర్లు లేవు, బ్యాంకుకు మాత్రం ఇవ్వాలి. బజారులో 49. తేడా 6.50 చొప్పున ఆరున్నర లక్షలు చేతినుంచి పెట్టాలి. గడువు పొడిగించుకోవచ్చు కానీ అప్పుడూ ఆ తేడా కట్టాకే కొత్త కాంట్రాక్టు. ఆర్డరు చేతిలో లేకపోయినా పాత ఎగుమతుల లెక్క చూపి కాంట్రాక్టులు చేసుకునే వీలు ఉండేది. మునిగినవాళ్లలో ఎక్కువమంది ఆ దారిన వెళ్లినవాళ్లే. మేం తర్వాత పెట్టుకున్న నియమం: ఎల్సీ చేతికి వచ్చాకే, అందులోనూ సగానికే. ఇంకో మాట. రూపాయి పడిందని కొనేవాడికి కూడా తెలుసు. డాలర్లలో 10, 15 శాతం తగ్గించమని వెంటనే అడుగుతాడు. వచ్చిన లాభం అలా వాడికే పోతుంది.

తగ్గించాలా, సరుకు ఆపుకోవాలా అన్నది కోపంతో తేల్చకూడదు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 13 శాతం అయితే ఆరు నెలలు సరుకు ఉంచుకుంటే ఆరున్నర శాతం వడ్డీకే పోతుంది. అంత తగ్గింపు అడిగితే ఇచ్చి రొక్కం చేసుకోవడమే మేలు. 20 శాతం అడిగితే ఆగొచ్చు, అయితే పొడిగా కాదు, రాయిగా. పొడి చేశాక కరెంటు, కూలి, సంచి ఖర్చు అందులో ఇరుక్కుంటుంది. పైగా ఆ ప్లాస్టిక్ జంబో సంచులు మా ఎండలకు నాలుగు నెలల్లో పెళుసెక్కుతాయి. క్రేను ఎత్తగానే చెవులు తెగి సరుకు రేవులో నేలపాలు. రాయి కుప్పగా ఉంటే ఎండావానా దాన్నేం చేయవు. ఆర్డరు వచ్చాకే మిల్లు తిప్పడం అనే పద్ధతి అప్పుడు అలవాటైంది.

అసలు ప్రమాదం బ్యాంకు డ్రాయింగ్ పవర్‌లో ఉంది. అంటే మన స్టాకు, మనకు రావాల్సిన బాకీలు చూసి, అందులో కొంత మార్జిన్‌గా తీసేసి, ఎంతవరకు అప్పు వాడుకోవచ్చో బ్యాంకు కట్టే లెక్క. దీన్ని రౌండు అంకెలతో చూపిస్తాను. జూన్‌లో స్టాకు 120 లక్షలు, అందులో మనం ఇవ్వాల్సిన బాకీలు 20 తీసేస్తే 100, దానిమీద 25 శాతం మార్జిన్ పోను 75. మనకు రావాల్సిన బాకీలు 80 లక్షలు, 40 శాతం మార్జిన్ పోను 48. మొత్తం 123. లిమిటు 120. అంతా సవ్యం. డిసెంబరు చూడండి. అమ్ముడుపోక స్టాకు 140 అయింది, కానీ బజారు ధర 20 శాతం పడింది కాబట్టి 112 కింద లెక్క. లారీ బాడిగలు, సంచులవాళ్ల బాకీలు 40కి పెరిగాయి. మిగిలేది 72, మార్జిన్ పోను 54. రావాల్సిన 80లో 50 లక్షలు 90 రోజులు దాటాయి, వాటిని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. మిగతా 30కి 18. మొత్తం 72. మనం వాడుకున్నది 118. ఒక్క సంచి కూడా నష్టానికి అమ్మలేదు, అయినా 46 లక్షలు ఈ క్షణం కట్టమంటారు. లిమిటు మించిన ఖాతా వరసగా 90 రోజులు అలాగే ఉంటే మొండిబాకీ అవుతుంది. మాంద్యంలో మిల్లులు మూతపడేది ఎక్కువగా ఈ 90 రోజుల్లోనే. లాభనష్టాల పట్టీలో అది ఎక్కడా కనబడదు.

ఇక్కడ చాలామంది చేసే పని స్టాకు స్టేట్‌మెంట్‌లో అంకె పెంచడం. చేయకండి. తనిఖీకి వచ్చినవాళ్లు కుప్ప కొలిస్తే, ముగ్గురాయి సాంద్రత తెలిసిన ఎవరికైనా టన్నులు తేలిపోతాయి. ఒకసారి దొరికితే ఆ తర్వాత అడిగే సాయమేదీ అందదు. మేం ఉన్నది ఉన్నట్టు రాసి, 90 రోజులు పూర్తికాకముందే రీస్ట్రక్చరింగ్‌కు, అంటే అప్పు గడువులు, కంతులు మార్చి రాయమని, దరఖాస్తు పెట్టాం. రిజర్వ్ బ్యాంకు ఆ సంక్షోభం కోసం ప్రత్యేక వెసులుబాటు ఇచ్చింది: 2008 సెప్టెంబరు 1 నాటికి ఖాతా సక్రమంగా ఉండాలి, 2009 మార్చి 31లోపు దరఖాస్తు ఇవ్వాలి, ప్యాకేజీ 120 రోజుల్లో అమలు కావాలి. ఆ షరతులు తీరితే ఖాతా సక్రమమైనదిగానే కొనసాగేది. మించిన మొత్తాన్ని వర్కింగ్ క్యాపిటల్ టర్మ్ లోన్‌గా విడదీసి కంతులు పెట్టేవాళ్లు, పేరుకున్న వడ్డీని ఇంకో టర్మ్ లోన్ చేసేవాళ్లు. బ్యాంకు వదులుకునే దాంట్లో కనీసం 15 శాతానికి సమానంగా యజమాని సొంత డబ్బు తేవాల్సి ఉండేది. దరఖాస్తుకు బలమిచ్చేవి మూడు: ఆర్డరు రద్దు చేసినట్టు కొనుగోలుదారు రాసిన ఉత్తరాలు, వారంవారం రొక్కం రాకపోకల అంచనా, రిగ్గుల సంఖ్య పట్టిక. రిగ్గుల పట్టిక చూశాకే, గిరాకీ తగ్గింది మా చేతకానితనం వల్ల కాదని బ్రాంచి వాళ్లు ఒప్పుకున్నారు.

ఎగుమతి అప్పుకు కూడా గడువులు పెరిగాయి. 2008 నవంబరులో సరుకు పంపకముందు తీసుకునే రుణంపై రాయితీ వడ్డీ కాలం 180 రోజుల నుంచి 270కి, పంపాక తీసుకునేదానికి 90 నుంచి 180కి పెంచారు. డిసెంబరు 1 నుంచి చిన్న, మధ్యతరహా ఎగుమతి యూనిట్లకు 2 శాతం వడ్డీ రాయితీ ఇచ్చారు. ఇవి వాటంతటవి ఖాతాలో పడేవి కావు, అర్హత కాగితంతో బ్రాంచిలో అడిగి వేయించుకోవాల్సి వచ్చేది. డాలర్లలో ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపకముందు తీసుకునే రుణం) మాత్రం కొన్ని నెలలు దొరకలేదు. లైబార్ (లండన్‌లో బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పు వడ్డీ) మీద 100 పాయింట్లకు, అంటే 1 శాతానికి, మించి వసూలు చేయకూడదన్న పరిమితితో బ్యాంకులకు డాలర్లు గిట్టుబాటు కాలేదు. 2009 ఫిబ్రవరిలో ఆ పరిమితిని 350కి పెంచాకే మళ్లీ కదలిక వచ్చింది.

మన బ్యాంకులు కూలిపోకపోవడానికి కారణం అడిగితే నేను 2004 నుంచి మొదలుపెడతాను. మా కడప జిల్లాలోనే పుట్టిన వై.వి.రెడ్డి రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉండగా ఇళ్ల రుణాల రిస్క్ వెయిట్ (రుణానికి బ్యాంకు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలో తేల్చే లెక్క) 50 నుంచి 75 శాతానికి, వ్యాపార భవనాల రుణాలది దశలవారీగా 150కి పెంచారు. డిపాజిట్లలో బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటాను, అంటే సీఆర్‌ఆర్‌ను, 2008 ఆగస్టు చివరికి 9 శాతానికి తెచ్చారు. అప్పట్లో వృద్ధిని అడ్డుకుంటున్నారని తిట్టినవాళ్లున్నారు. సెప్టెంబరు 5న దువ్వూరి సుబ్బారావు బాధ్యత తీసుకున్నారు, పది రోజులకే లేమన్. జనవరికల్లా సీఆర్‌ఆర్ 9 నుంచి 5కి, ఏప్రిల్‌కల్లా రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు వడ్డీ) 9 నుంచి 4.75కి దిగాయంటే, దించడానికి ముందు అంత ఎత్తున ఉండబట్టే.

మిల్లు ఆపితే ఖర్చు ఆగుతుందనుకోవడం కూడా పొరపాటే. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు కాంట్రాక్టు డిమాండ్‌లో, అంటే కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడులో, 80 శాతానికి డిమాండ్ చార్జీ ఎలాగూ పడుతుంది. 250 కేవీఏ ఉంటే, ఒక్క మోటారు తిప్పకపోయినా 200 కేవీఏకి బిల్లు. ఆగిన నెలే లోడు తగ్గింపుకు దరఖాస్తు ఇవ్వాలి, మేం రెండు నెలలు ఆలస్యం చేసి ఆ డబ్బు పోగొట్టుకున్నాం.

అన్నిటికంటే బరువైనది మనుషుల లెక్క. సంచులు నింపేవాళ్లు, ఎత్తేవాళ్లు టన్నుల లెక్కన కూలి తీసుకునేవాళ్లు. టన్ను లేకపోతే కూలి లేదు. చట్టం ప్రకారం లేఆఫ్ (పని లేక తాత్కాలికంగా ఆపడం) పరిహారం బేసిక్, డీఏల్లో సగం, అదీ 50 మందికి తగ్గని ఫ్యాక్టరీల్లో మస్టర్ (హాజరు పట్టీ) మీద ఉన్నవాళ్లకే. ముగ్గుపొడి తెల్లగా పేరుకున్న ముఖాలతో ఏళ్లపాటు పనిచేసినవాళ్లు ఏ పుస్తకంలోనూ లేకపోవడం ఆ ఏడాది మాకు కళ్లకు కట్టింది. మూడు షిఫ్టుల వాళ్లను ఒక షిఫ్టుకు కుదించే బదులు, అందరికీ వారానికి రెండు రోజుల చొప్పున పని పంచాం. ఎవరి కడుపూ నిండలేదు, ఎవరూ పూర్తిగా పస్తుండలేదు. మిగతా రోజులకు ఉపాధి హామీ పనే దిక్కయింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం తొలి విడతలోనే కడప జిల్లా ఉంది. జాబ్ కార్డు లేనివాళ్లకు తీయించడానికి మిల్లు గుమాస్తాను పంచాయతీ ఆఫీసుకు పంపాం. లారీలవాళ్లకు ఆ దారి కూడా లేదు, కంతు కట్టలేక బండ్లు అప్పగించారు. కోడూరు, రాజంపేట, రాయచోటి నుంచి కువైట్ పోయినవాళ్ల ఇళ్లలో ఇంకో దిగులు. చమురు పడితే మిల్లులో కొడుకుకూ, కువైట్‌లో తండ్రికీ ఒకేసారి పని తగ్గుతుంది. ఒక ఇంటికి రెండు సంపాదనలున్నా రెండూ ఒకే పీపాకు కట్టేసి ఉంటే అవి రెండు కావు.

2009 రెండో సగంలో చమురు 70 డాలర్ల చుట్టూ నిలబడ్డాక ఆర్డర్లు తిరిగొచ్చాయి, మొదట చిన్నవి, ఎల్సీ లేకుండా అడ్వాన్సు మీద. ఆ తర్వాత ఇదే వరస మళ్లీ రెండుసార్లు చూశాం. 2014లో 1,900 దాటిన అమెరికా రిగ్గులు 2016 మేలో 404కి దిగాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది, ఆ ఆగస్టులో రిగ్గులు 244. రెండుసార్లూ ముడిరాయి నిల్వ ఐదు వారాలకు మించి లేదు, ఆర్డరు లేని ఫార్వర్డ్ కాంట్రాక్టు ఒక్కటీ లేదు.

ఇప్పుడు శుక్రవారం రిగ్గుల అంకె రాగానే, ఆఫీసు గోడమీద పట్టికలో శనివారం పొద్దున మూడు గళ్లు నింపుతాం. ఒకటి రిగ్గుల సంఖ్య. రెండోది 90 రోజులకు చేరువైన బాకీలు, పేర్లతో సహా. మూడోది చేతిలో ఉన్న రొక్కం జీతాలకు, కరెంటుకు, వడ్డీకి ఎన్ని వారాలు వస్తుందో ఆ అంకె. మూడోది ఆరుకు దిగితే కొత్త రాయికి డబ్బు కట్టడం ఆపి, లోడు తగ్గింపు దరఖాస్తు బయటికి తీస్తాం.